తీగకు వెలుపల: బెంగయు, ప్రజారోగ్యమును

తెలుగు భాషలో "బెంగ" అను చిన్నమాట యొకటి కలదు. పుట్టింటినుండి అత్తవారింటికి వచ్చిన పిల్ల నెల తిరుగకుండ చిక్కిపోయినచో "పాపము, బెంగ పెట్టుకొన్నది" అందురు. తల్లి పొరుగూరికి పోగా బిడ్డకు ఒళ్లు వెచ్చబడినచో అది బెంగజ్వరమందురు. దూడను అమ్మివేసిన పిమ్మట ఆవు మేత ముట్టకున్నచో దానికిని బెంగయే. ఈ మాటను వాడు మన పల్లెటూళ్ల పెద్దముత్తైదువలు వైద్యశాస్త్రము చదివినవారు కారు. అయినను మనస్సునకు కలిగిన యెడబాటు శరీరమున రోగమై దిగునను సంగతి వారెఱుగుదురు. దానికి మందేదియో కూడ వారికి తెలియును. "ఒక్కమారు పుట్టింటికి పంపుడు, అదే తగ్గును" అని చెప్పెడివారు.

పాశ్చాత్య దేశములందు ఈ విషయము వైద్యగ్రంథముల కెక్కినది 1688వ సంవత్సరమున. స్విట్జర్లండు దేశీయుడైన యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి బేసెల్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసమున, పరదేశములకు పోయిన తన దేశపు యువకులు ఇంటిమీది ధ్యాసతో నిద్రాహారములు మాని కృశించుటను వర్ణించెను. తిరిగి ఇల్లు చేరుట, బాధ అను నర్థములు గల రెండు గ్రీకు పదములను కలిపి ఆ వ్యాధికి "నోస్టాల్జియా" అని పేరు పెట్టెను. బహుకాలము వైద్యులు దానిని రోగముగనే పరిగణించిరి. తరువాత ఆ మాట వైద్యుల చేతినుండి జాఱి కవుల చేతిలో పడినది. ఇప్పుడు మరల వైద్యులే దాని తోబుట్టువైన ఒంటరితనమును తమ పరిశీలనలోనికి తీసికొనిరి.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 నవంబరులో సామాజిక సంబంధములపై ఒక కమిషనును నియమించినది. ఆ కమిషను 2025 జూన్ మాసాంతమున ప్రకటించిన నివేదిక ననుసరించి, ప్రపంచమున ప్రతి ఆరుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారు. దానికి సంబంధించిన మరణములు ఏటేట 8,71,000 వరకు ఉండునని అంచనా; అనగా గంటకు సుమారు నూరుగురు. అదే సంవత్సరము మే నెలలో ప్రపంచ ఆరోగ్యసభ సామాజిక సంబంధములను గూర్చి తన మొట్టమొదటి తీర్మానమును ఆమోదించినది. కార్యాలయమున ఈ నివేదికను చదువుచున్నప్పుడు నా మనస్సు అది వెలువడిన జెనీవా నగరమునకు పోలేదు. బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్‌నకు పోయినది.

తార్‌బహార్ బిలాస్‌పూర్ రైల్వే స్టేషనుకు సమీపముననున్న యొక బస్తీ. హిందీలో "తార్" అనగా తీగ. "బాహర్" అనగా వెలుపల. ఆ పేరు వినగానే రైల్వే వారి తీగకంచెకు వెలుపలి బస్తీ యను నర్థము ఎవరికైనను స్ఫురించును. "తార్" అను మాటకు మరియొక యర్థము కూడ కలదు. మనము తంతి యన్నట్లే, హిందీ వారు టెలిగ్రామును కూడ "తార్" అందురు. 2013 జూలైలో మన దేశమున టెలిగ్రాము సర్వీసు మూతపడువరకును ప్రవాసపు కుటుంబములకు ఆ మాట వినిన గుండె జల్లుమనెడిది. ఊరినుండి తంతి వచ్చినదన్న, అది చావుకబురో, ప్రాణము మీదికి వచ్చిన కబురో అయియుండెడిది. ఈ విధముగా ఆ బస్తీ పేరులోనే కంచెయు కలదు, దూరపువార్తయు కలదు.

అక్కడికి తెలుగువారెట్లు చేరిరో కొంచెము చెప్పవలసియున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరునుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్సోల్ వరకు తన ప్రధానమార్గమును 1891 నాటికి పూర్తిచేసినది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతము వరి పండు నేల. అర్పా నది యొడ్డున నున్న బిలాస్‌పూర్ నాటికి పెద్ద పట్టణము కాదు. రైలుతోపాటు అక్కడికి ఇంజనుషెడ్డు, క్వార్టర్లు, ఆసుపత్రి, బడి వచ్చినవి. వానితోపాటు వంగదేశీయులు, మహారాష్ట్రులు, బీహారు వారు, ఆంగ్లో ఇండియనులు, తెలుగువారు వచ్చిరి. అదే కంపెనీ తూర్పుతీరమున వాల్తేరు వరకును వ్యాపించియుండుటచే విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములవారికి "బి.ఎన్.ఆర్." అను మూడక్షరములు బ్రతుకుతెరువునకు పర్యాయపదములైనవి. వర్షాధారపు చేలు, అప్పులు, క్షామములు వెనుకనుండి త్రోసినవి. నెలజీతము ముందునుండి పిలిచినది. ఖరగ్‌పూర్, టాటానగర్, చక్రధరపూర్, బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ పట్టణములందు తెలుగుపేటలు ఈ విధముగనే వెలసినవి.

మొదట మన ఉత్తరాంధ్రమునుండి బిలాస్‌పూర్ పోవలయునన్న ఖరగ్‌పూర్ మీదుగా చుట్టు తిరిగి పోవలసియుండెడిది. విజయనగరమునుండి పార్వతీపురము వరకు 1909 నాటికి వచ్చిన మార్గమును పెంచి 1931లో రాయపూర్‌తో కలిపిరి. విశాఖ రేవునకు మధ్యపరగణాల సరకును చేరవేయుట దాని ప్రధానోద్దేశము. రేవు 1933లో ప్రారంభమైనది. సరకుకై వేసిన ఆ దారి మనుష్యులకు కూడ దారియైనది. బొబ్బిలిలోనో, పార్వతీపురములోనో బండి యెక్కినవాడు అడవులు, కొండలు, సొరంగములు దాటి రాయపూర్‌లో దిగి, అక్కడినుండి బిలాస్‌పూర్ చేరగలిగెడివాడు. కంపెనీని 1944 అక్టోబరు 1న ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. 1952లో అది ఈస్టరన్ రైల్వేలోను, 1955లో సౌత్ ఈస్టరన్ రైల్వేలోను చేరినది. 2003నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైనది. ఇన్ని పేర్లు మారినను మా యింట పెద్దలు చివరివరకు "బి.ఎన్.ఆర్. కొలువు" అనియే చెప్పుకొనిరి.

ఆ పెద్దలలో మా తాతగారొకరు. బొబ్బిలి దాపునగల యొక పల్లెనుండి యౌవనమున బయలుదేరి బిలాస్‌పూర్ ఇంజనుషెడ్డులో ఫిట్టరుగా చేరిరి. ఆయన చెప్పిన సంగతులను బట్టి, తీగకు లోపలి జీవితము కష్టమైనదేగాని ఒంటరిది మాత్రము కాదు. క్వార్టర్లు ఒకదానికొకటి ఆనుకొని వరుసగా నుండెడివి. ఉదయము కొళాయి దగ్గర బిందెలు బారు తీరుట, షెడ్డు కూతకు పురుషులందరు ఒక్కసారి బయలుదేరుట, సాయంకాలము ఇన్‌స్టిట్యూటులో చీట్లాటయో నాటక రిహార్సలో జరుగుట, శనివారము భజన, సంక్రాంతికి పిండివంటల పంపకము, ఇవన్నియు ఎవరును ప్రత్యేకముగా ఏర్పాటు చేయకయే నడచిపోవుచుండెడివి. కష్టము వచ్చినప్పుడు కార్మికసంఘముండెడిది. 1920 తరువాతి దశాబ్దమున ఈ రైల్వే కార్మికులకు నాయకత్వము వహించి, 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వెంకటగిరిగారు మన తెలుగువారే యని తాతగారు గర్వముతో చెప్పెడివారు.

ఊరితో సంబంధమునకు మనియార్డరు ఆధారము. 1880లో తపాలాశాఖ ప్రారంభించిన ఈ సౌకర్యమున డబ్బుతోపాటు నాలుగు మాటలు వ్రాయుటకు ఫారము అడుగున కొంచెము చోటుండెడిది. "అందరము క్షేమము. అమ్మకు మందు తెప్పించవలెను. పంట ఎట్లున్నది?" అని తాతగారు వ్రాసెడివారట. డబ్బు ఖర్చైపోయిన తరువాత కూడ ఆ కాగితపు ముక్కలను మా ముత్తవ్వ చూరులో దోపి దాచినది. నేడు మనము చేతిలోని ఫోనుతో క్షణములో డబ్బు పంపుచున్నాము. అది గొప్ప సౌకర్యము. కాని ఆ నాలుగు మాటలకు మరల మనమే చోటు చేసికొనవలయును.

తాతగారు పదవీ విరమణ చేసిన నెలలకే క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినది. నియమము న్యాయమైనదే, ఆ యిల్లు తరువాత వచ్చువానిది. ఊరిలోని భాగము అప్పటికే అన్నదమ్ముల మధ్య తెగిపోయినది. మా చిన్నాన్నగారికి బిలాస్‌పూర్‌లోనే ఉద్యోగము. కావున కుటుంబము తార్‌బహార్‌లో అద్దెయింట చేరినది. కొళాయి దగ్గర కలియు స్త్రీలు తీగకు లోపల నిలిచిపోయిరి. దూరము పది నిమిషముల నడక మాత్రమే. అయినను రోజును కలియువారు వారమునకొకమారును, తరువాత పండుగకొకమారును కలిసిరి. కొందరు బదిలీపై పోయిరి. తాతగారు గతించిన పిమ్మట మా మామ్మ ఆ యింట మిగిలినది.

ఇంటినిండ మనుష్యులే. కొడుకు, కోడలు, నలుగురు మనుమలు. తిండికి లోటు లేదు. చిన్నాన్నగారు తల్లిని కంటికి ఱెప్పవలె చూచుకొనిరి. కాని మనుమలు బడిలో హిందీ, వీథిలో ఛత్తీస్‌గఢీ మాటలాడి ఇంటికి వచ్చి తమలో తాము హిందీలోనే మాటలాడుకొనెడివారు. మామ్మకు హిందీ కూరగాయల బేరమునకు సరిపడునంత మాత్రమే వచ్చును. వేసవి సెలవులలో మేము విశాఖపట్టణమునుండి పోయినప్పుడు ఆమె నా చేయి పట్టుకొని గుమ్మములో కూర్చుండబెట్టుకొని తెల్లవారినది మొదలు మాటలాడుచుండెడిది. ఒకనాడు నేను ఆటకు పోవుటకై విదలించుకొనగా, "ఒరే నాయనా, కాసేపు కూకోరా. ఏటీ సెప్పక్కర్నేదు, ఉత్తినే ఊఁ కొట్టు. నా మాట నాకే ఇనబడి ఏడాదైపోనాది" అనినది. నాకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆ మాటకు అర్థము తెలియుటకు మఱి ముప్పదియేండ్లు పట్టినది.

ఈ సందర్భమున రవీంద్రనాథ ఠాకూరుగారి కావ్యమొకటి స్మరింపదగియున్నది. 1918లో వెలువడిన "పలాతక" అను సంపుటిలో "ఫాంకి" అను కథాకావ్యము కలదు. అందులో బిను అను ఇరువదిమూడేండ్ల రోగగ్రస్తురాలిని భర్త గాలిమార్పునకై తీసికొనిపోవుచు బిలాస్‌పూర్ స్టేషనులో బండి మారవలసి వచ్చును. ఆఱు గంటలు ఆగవలయును. ఆ వ్యవధిలో బినుకు ఆ స్టేషనులోని ఒక కూలివాని భార్యయైన రుక్మిణితో స్నేహము కలుగును. కూతురి పెండ్లి నగకు ఇరువదియైదు రూపాయలు కావలయునను ఆమె కష్టమును విని, ఆ సొమ్మిమ్మని బిను భర్తను కోరును. అతడు రుక్మిణిని చాటునకు పిలిచి గద్దించి, రెండు రూపాయలు మాత్రమిచ్చి, భార్యకు మాత్రము కోరినదంతయు ఇచ్చినట్లు నమ్మబలుకును. రెండు మాసములకు బిను కృతజ్ఞతతో కన్నుమూయును. తరువాత అతడు ఋణము తీర్చుకొనదలచి బిలాస్‌పూర్‌లో దిగి వెదకినను రుక్మిణి జాడ తెలియదు. ఒక మనిషి మాటను ఆలకించుటకు ఆఱు గంటలు చాలుననియు, ఆలకింపక పోగొట్టుకొన్నదానిని తరువాత ఎంత వెదకినను దొరకదనియు ఈ కథవలన నేను గ్రహించితిని.

ఇక శాస్త్రము చెప్పునదేమో చూతము. ఏకాంతము వేఱు, ఒంటరితనము వేఱు. ఏకాంతము మనము కోరుకొనునది. జపమునకు, చదువునకు, రచనకు అది కావలయును. ఒంటరితనము కోరినన్ని సంబంధములు, కోరినంత దగ్గరతనము లేనప్పుడు కలుగు బాధ. అందుచేత వేయిమంది నడుమ కూడ అది కలుగవచ్చును. మా మామ్మకు నిండింటిలోనే కలిగినది. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ కాసియోపో దీనిని ఆకలిదప్పులతో పోల్చెను. ఆకలి తినుమని హెచ్చరించినట్లు, ఒంటరితనము మనుష్యులను చేరుమని హెచ్చరించును. ఆ హెచ్చరిక చాలకాలము తీరకున్నచో నిద్ర చెడును, రక్తపుపోటు పెరుగును, శరీరమున వాపునకు సంబంధించిన క్రియలు హెచ్చును. అంతేగాక మనస్సు అనుమానగ్రస్తమగును. పిలువని పేరంటమని, తన్నెవరును కోరుటలేదని తలచి ఆ వ్యక్తి మఱింత వెనుకకు తగ్గును. ఈ కారణముచేతనే అట్టివారికి "నలుగురిలో కలియుము" అను సలహా మాత్రము చాలదు. నలుగురిలో ఒకరు వారివద్దకు పోవలయును.

కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీలో 1965లో ప్రారంభించిన పరిశీలనయందు 6,928 మందిని తొమ్మిదేండ్లపాటు గమనించిరి. వివాహము, బంధుమిత్రులు, మతసంఘములు, ఇతర సంఘములు మొదలగు బంధములు తక్కువగానున్న వారు, ఎక్కువగానున్న వారికంటె ఆ కాలమున మరణించు ప్రమాదము రెండింతలకు మించియున్నదని లీసా బర్క్‌మన్, లియొనార్డ్ సైమ్ 1979లో ప్రకటించిరి. ధూమపానము, మద్యపానము, పూర్వపు అనారోగ్యము లెక్కలోనికి తీసికొన్నను ఆ సంబంధము నిలిచినది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 పరిశోధనలను, 3,08,849 మంది వివరములను కలిపి చూచి, గట్టి సామాజిక బంధములున్నవారికి జీవించియుండు అవకాశము ఏబది శాత మెక్కువయని తేల్చిరి.

ప్రవాసులమైన మనకు వీనికంటెను ముఖ్యమైన పరిశోధన మరియొకటి కలదు. మైకేల్ మార్మట్, సైమ్ అనువారు కాలిఫోర్నియాలో స్థిరపడిన 3,809 మంది జపాను సంతతి పురుషులను పరిశీలించి 1976లో ఫలితములు ప్రకటించిరి. తమ సంప్రదాయమును, తమవారితోడి మెలకువను నిలుపుకొన్నవారిలో గుండెజబ్బు జపానులోనున్నంత తక్కువగా నుండెను. వానిని పూర్తిగా వదలుకొన్నవారిలో మూడునుండి అయిదింతలు అధికముగా నుండెను. ఆహారము, ధూమపానము, రక్తపుపోటు మొదలగు కారణములు ఈ భేదమును పూర్తిగా వివరింపలేకపోయినవి. ఉగాది పచ్చడి, హరికథ, తెలుగు నాటకము కాలక్షేపములని తేలికగా చూచువారు ఈ పరిశోధనను ఒకమారు తలచుకొందురుగాక.

"ఇది ఎవరి మనస్సుకు సంబంధించిన విషయము వారిది, దీనిలో ప్రభుత్వమునకు, సంఘమునకు పనియేమి?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. మన గడ్డమీద జరిగిన సంగతితోనే దీనికి సమాధానము చెప్పవచ్చును. పూర్వము మలేరియా చెడుగాలివలన కలుగునని తలచెడివారు. ఆ పేరునకే చెడుగాలి యని యర్థము. జ్వరము వచ్చినవాడు కషాయము త్రాగి ముసుగు తన్ని పడుకొనుటయే కర్తవ్యముగా నుండెను. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొన్నాడు. నాటినుండి గుంటలు పూడ్చుట, నీరు నిలువకుండ చూచుట పురపాలకసంఘముల పనియైనది. జ్వరము ఒక్కని శరీరములోనిదే. గుంట మాత్రము ఊరిది. ఒంటరితనము సైతము అట్టిదే. బదిలీలు, పదవీ విరమణలు, తెగిన సమష్టికుటుంబములు, అరుగులు లేని ఇండ్లు, పిల్లలకు రాని పెద్దల భాష, ఇవి ఊరి గుంటలు. వీనిని ఒక్కడు పూడ్చలేడు.

కొన్ని దేశములు ఈ యర్థమును గ్రహించినవి. హత్యకు గురియైన జో కాక్స్ అను పార్లమెంటు సభ్యురాలి స్మృతికై ఏర్పడిన కమిషను సూచన ననుసరించి బ్రిటను 2018 జనవరిలో ఒంటరితనపు సమస్యను ఒక మంత్రికి అప్పగించినది. 2021లో జపాను అట్లే చేసినది. అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023 మే మాసమున దీనిపై ప్రజలకు హెచ్చరికపత్రమును వెలువరించెను. మన దేశమున 1982నుండి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులో కూడ మాటలాడవచ్చును. వృద్ధులకు 14567 అను ఎల్డర్‌లైను కలదు. ఈ రెండంకెలను మనలో ప్రతి కుటుంబమును గోడమీద వ్రాసియుంచదగును.

అయినను ప్రభుత్వపు సౌకర్యములు కొన్ని తెలియకయే మనుష్యులను విడదీయుచుండును. నేను సచివాలయమున పనిచేయువాడను కావున దీనిని చెప్పుటకు సంకోచింపను. పింఛనుదారులు నవంబరులో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము సమర్పింపవలెను. పూర్వము అందరు బ్యాంకునకు పోయి బెంచీలమీద కూర్చుండి, పాత మిత్రులను కలిసికొని, "ఇంకను ఉన్నావుటోయ్!" అని పలుకరించుకొనెడివారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినది. 2021నుండి ఫోనులో ముఖము చూపినను చాలును. నడువలేని వృద్ధులకు ఇది వరమే. దీనిని ఎవరును తిరస్కరింపరాదు. కాని ఏడాదికొకమారు దొరకు ఆ పలుకరింపు పోయినది. దాని స్థానమున మఱియొకటి పెట్టుట మఱచితిమి.

పెట్టుటకు పెద్ద ఖర్చు అక్కరలేదని జింబాబ్వే దేశము చూపినది. ఆ పేద దేశమున మానసిక వైద్యులు మిక్కిలి తక్కువ. డిక్సన్ చిబండా అను వైద్యుడు 2006లో కొందఱు అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆరోగ్యకేంద్రముల ఆవరణలలో చెట్లక్రింద కొయ్యబెంచీలమీద కూర్చుండబెట్టి, కష్టములు చెప్పుకొన వచ్చినవారి మాటలు వినిపింపజేసెను. దానికి "మైత్రీపీఠము" అను నర్థము గల పేరు. హరారే నగరమున 573 మందిపై జరిపి 2016లో ప్రకటించిన పరీక్షయందు, మామూలు చికిత్స పొందినవారికంటె ఈ అవ్వలతో మాటలాడినవారికి అధికముగా నయమైనట్లు తేలినది. అక్కడి షోనా భాషలో ఈ వ్యాధికి వాడు పదమునకు "అతిగా ఆలోచించుట" యని యర్థమట. మన బెంగకు అది దూరపు చుట్టమే. చెట్టు క్రింది బెంచీ సైతము మనకు క్రొత్త కాదు. మన పల్లెలలో ప్రతి యింటికి వీథి అరుగు ఉండెడిది. దారిన పోవువాడు అడుగకయే కూర్చుండెడివాడు. ఇంటి ముసలివారు అక్కడ కూర్చుండి ఊరినంతటిని చూచెడివారు. ఊరు వారిని చూచెడిది. ఒకనాడు తాతయ్య అరుగుమీద కనబడకున్నచో "పెద్దాయనకు ఒంట్లో బాగులేదా?" అని అడుగువారు పదిమంది యుండిరి. తార్‌బహార్ అద్దెయింటికి అరుగు లేదు. మేముండు ప్రభుత్వ గృహములకును లేదు.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి యొకటి కలదు. మన సంఘ సభ్యులలో నొక పెద్దవారు, పదవీ విరమణ చేసిన వారు, భార్యావియోగము తరువాత ఒంటరిగా నివసించుచుండిరి. పిల్లలు విదేశములలో నుండిరి. ప్రతి ఉగాది సభకును ముందు వరుసలో కూర్చుండి, చివరి పద్యమువరకు విని, కుర్చీలు సర్దుటకు సాయపడి పోవువారు. ఒక చలికాలమున ఆయన రెండు దినములు నాకు ఫోను చేసిరి. ఆ వారము పార్లమెంటు ప్రశ్నకు సమాధానము తయారుచేయు తొందరలో నేనుంటిని. ఆదివారము మాటలాడవచ్చునని తలచితిని. శనివారము పాలవాడు తలుపు తట్టి, పలుకకున్నచో పొరుగువారిని పిలిచినాడు. వైద్యులు గుండెపోటనిరి. నేను ఫోను తీసికొన్నను ఆయన బ్రతికెడివారో లేదో ఎవరును చెప్పజాలరు. ఆయన చెప్పదలచినదేమో మాత్రము ఇక నాకు తెలియదు. మా మామ్మ గుమ్మములో నా చేయి పట్టుకొనినప్పుడును నేను విదలించుకొనియే పోయితిని.

కావున ఈ సంచిక ద్వారా సంఘ సభ్యులకు మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: సభ్యుల పట్టికలో ఒంటరిగా నివసించు పెద్దలకును, క్రొత్తగా బదిలీపై వచ్చిన యువకులకును, ఉద్యోగము లేక ఇంటిలోనే యుండు గృహిణులకును ఒక్కొక్కరిని బాధ్యులుగా నియమింపవలెను. వారమునకొకమారు ఫోను, నెలకొకమారు పోయి కలియుట ఆ బాధ్యునికి చాలును. రెండవది: నెలకొక ఆదివారము ఉపన్యాసములు, సన్మానములు లేని కూటమిని జరుపుదము. కాఫీ, కుర్చీలు, కబుర్లు తప్ప కార్యక్రమము ఏదియు నుండరాదు. సభలో ముందు వరుసలో కూర్చుండువాని మాటను మనము వినుటలేదని పై సంగతివలన తెలిసినదికదా. మూడవది: మన పిల్లలకు తెలుగు నేర్పుట పరీక్షలకు గాని, ప్రాచీన వైభవమును చాటుటకు గాని కాదు; ఇంటిలోని అవ్వ చెప్పుమాటకు ఊఁ కొట్టుటకు కావలసినంత నేర్పినను అది ఆరోగ్యసేవయే యగును. ఎవరికైనను నిద్ర, ఆకలి పూర్తిగా తప్పిపోయినను, జీవితముపై విరక్తి మాటలు తఱచుగా వినవచ్చినను, మన కబుర్లతో తృప్తిపడక వైద్యుని యొద్దకు తోడుగా తీసికొనిపోవలెను.

మొన్న ఆఫీసు పనిమీద రాయపూర్ వెళ్లినప్పుడు ఒక పూట సెలవు పెట్టి బిలాస్‌పూర్ పోయితిని. మేమున్న యిల్లు పడగొట్టి మేడ కట్టినారు. దాని మెట్లమీద ఒక ముదుసలి స్త్రీ కూర్చుండి చాటలో బియ్యము ఏరుచుండెను. కట్టుబొట్టు చూచి తెలుగామెయని తలచి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితిని. ఆమె చాట ప్రక్కన పెట్టి, నా వంక చూచి, "సాలూరు దగ్గర బాబూ. తెలుగోడివా? కూకో" అని మెట్టుమీద కొంచెము జరిగి చోటు చూపినది. నా బండికి ఇంకను రెండు గంటల వ్యవధి యుండెను. కూర్చుంటిని.